కాలాఘోడా దగ్గర మెకానిక్కుల లైబ్రరీ

ముంబైలో కాలాఘోడా అనే చోట, జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి ఎదురుగా, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ పక్కన, పసుపు రాతి భవనం ఒకటుంది. కోసుగా లేచిన కమాన్లు, వీధి వైపు బాల్కనీ, బాల్కనీలో కాళ్లు చాపుకునే పొడవాటి చెక్క కుర్చీలు. డేవిడ్ ససూన్ లైబ్రరీ అంటే చాలామంది గుర్తుపడతారు. కాలాఘోడా ఫెస్టివల్‌కి వచ్చినవాళ్లు దాని ముందు ఫొటోలు దిగుతారు. బాగ్దాద్ నుంచి వచ్చిన ఒక యూదు కోటీశ్వరుడు ఊరికోసం కట్టించాడని గైడ్లు రెండు ముక్కల్లో చెప్పి ముందుకు నడిపిస్తారు.

అందులో అబద్ధం లేదు. కానీ అది సగం కథ. ససూన్ డబ్బు ఇవ్వడానికి చాలా ఏళ్ల ముందే, 1847లో, ఆ సంస్థ పుట్టింది. దానికి పునాది వేసింది టంకశాలలోనూ ప్రభుత్వ డాక్‌యార్డ్‌లోనూ పనిచేసే కుర్ర మెకానిక్కులు, ఫోర్‌మెన్లు. పని చేసేవాళ్లకు ఒక లైబ్రరీ, యంత్రాల నమూనాలూ భవనాల డిజైన్లూ పెట్టుకునే ఒక మ్యూజియం, పెద్దవాళ్లయ్యాక కూడా చదువుకునే వీలు. వాళ్లు కోరుకున్నది ఇదీ. అప్పట్లో దాని పేరు బాంబే మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్. నేను టర్నర్‌ని, అంటే లేత్ మీద పనిచేసేవాణ్ణి. బతుకంతా పనిముట్లు, అచ్చులు తయారుచేసే టూల్‌రూముల్లోనే గడిచింది. ఆ మొదటి సగం నాలాంటి వాళ్ల కథ కాబట్టి ఎవరో ఒకరు తెలుగులో రాసి పెట్టాలనిపించింది.

వాళ్లకు లైబ్రరీ ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలంటే ముందు అప్పటి టంకశాల లోపల ఏం జరిగేదో చూడాలి. అక్కడ ఆవిరి యంత్రాలు బిగించి అప్పటికి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇంగ్లండ్‌లో బౌల్టన్-వాట్ కంపెనీ తయారుచేసిన యంత్రాలు ఓడల్లో వచ్చాయి. వెండిని మూసల్లో కరిగించి కడ్డీలు పోసేవాళ్లు. కడ్డీని రోలర్ల మధ్య నలిపి పట్టీ చేసేవాళ్లు. పట్టీలోంచి గుండ్రటి బిళ్లలు కొట్టి, వాటిని కాల్చి మెత్తబరిచి, చివరికి రెండు డైల (ముద్ర చెక్కిన ఉక్కు అచ్చుల) మధ్య పెట్టి ముద్ర కొట్టేవాళ్లు. 1835 చట్టం తర్వాత ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉన్న ప్రాంతమంతటికీ రూపాయి ఒక్కటే తూకం: 180 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాముల పైచిలుకు. అందులో పన్నెండింట పదకొండు వంతులు స్వచ్ఛమైన వెండి.

ఇక్కడ ఆగి లెక్క చూడండి. పట్టీ మందంలో నూటికి ఒక వంతు తేడా వస్తే నాణెం బరువు దాదాపు రెండు గ్రెయిన్లు తప్పుతుంది. ఒక్క రూపాయిలో అది కంటికి ఆనదు. లక్షల రూపాయలు కొట్టే చోట అది బస్తాల వెండి. రోలర్ నడిచేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కితే ఉబ్బుతుంది. పొద్దున పెట్టిన సెట్టింగ్ మధ్యాహ్నానికి నిలవదు. డై అరుగుతుంది, పగులుతుంది. దానికి ఎంత ఎర్రగా కాల్చాక నీళ్లలో ముంచాలో తేడా పడితే గాజులా పెళుసెక్కుతుంది. ఇవన్నీ ఏ టూల్‌రూమ్‌లో పనిచేసినవాడికైనా తెలిసిన తలనొప్పులే. కొన్నేళ్లు పనిచేస్తే చెయ్యి తనంతట తానే సర్దుకోవడం నేర్చుకుంటుంది. కానీ అలా ఎందుకు అవుతోందన్న ప్రశ్న మనిషిని వదలదు. చెప్పేవాడైనా ఉండాలి, పుస్తకమైనా ఉండాలి.

డాక్‌యార్డ్‌లో పరిస్థితి ఇంకా తీవ్రం. 1736లో సూరత్ నుంచి వచ్చిన లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా మొదలుకొని తరతరాలుగా పార్సీ మేస్త్రీలు అక్కడ టేకు ఓడలు కట్టారు. వాళ్లు 1817లో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీపూల్‌లో నీళ్ల మీద నిలిచి ఉంది. చెక్కపనిలో వాళ్లకు ఎదురులేదు. అలాంటి చోటికి ఆవిరి వచ్చి పడింది. బొంబాయిలో కట్టిన హ్యూ లిండ్సే అనే స్టీమర్ 1830 మార్చిలో బయల్దేరి సూయెజ్ దాకా వెళ్లింది. బాయిలర్, పిస్టన్, ఇనుప షాఫ్ట్ అన్నీ కొత్తవే. తాతల నాటి విద్యలో వాటికి జవాబుల్లేవు. ఆ కుటుంబం నుంచే వచ్చిన ఆర్దేశిర్ కర్సెట్‌జీ ఆవిరి యంత్రాల విద్య పట్టుకుని ఇంగ్లండ్ వెళ్లి చూసొచ్చాడు. 1841లో రాయల్ సొసైటీ ఫెలో అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతటివాడికి ఇంగ్లండ్ వెళ్లే దారి దొరికింది. డాక్‌యార్డ్‌లో బాయిలర్‌కి రివెట్లు కొట్టే కుర్రాడికి ఏ దారి ఉంది?

అప్పటి బొంబాయిలో యూనివర్సిటీ లేదు, అది 1857లో గానీ రాలేదు. రైలు లేదు, అది 1853. టౌన్‌హాల్లో ఏషియాటిక్ సొసైటీ లైబ్రరీ ఉండేది కానీ అది దొరల లైబ్రరీ. ఒక భారతీయుణ్ణి సభ్యుడిగా చేర్చుకోవడానికే 1840 దాకా పట్టింది. నూనె మరకల చొక్కాతో అక్కడికి ఎవరు వెళ్తారు?

ఈ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అన్న ఆలోచన స్కాట్లండ్‌ది. జార్జ్ బర్క్‌బెక్ అనే యువ డాక్టర్ గ్లాస్గోలో సైన్సు పాఠాలు చెప్పేవాడు. పాఠాలకు కావలసిన పరికరాలు అక్కడి పనివాళ్ల చేత చేయించుకునేవాడు. చేస్తున్నవాళ్లు చుట్టూ మూగి ఇది ఎలా పనిచేస్తుంది, ఇలా ఎందుకు పెట్టారు అని అడగడం మొదలుపెట్టారు. 1800లో ఆయన వాళ్ల కోసమే, పైసా తీసుకోకుండా, శనివారం సాయంత్రం పాఠాలు పెట్టాడు. వారం వారం జనం పెరిగిపోయారు. 1823లో లండన్‌లో మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ వచ్చింది, ఇవాళ్టి బర్క్‌బెక్ కాలేజీ అదే. అక్కణ్ణుంచి ఈ ఆలోచన ఇంగ్లీషు వాళ్ల ఓడలు వెళ్లిన చోటికల్లా వెళ్లింది. 1827లో టాస్మానియాలోని హోబర్ట్, 1833లో సిడ్నీ, 1839లో కలకత్తా, 1847లో బొంబాయి. సిడ్నీది ఇప్పటికీ పుస్తకాలు ఇస్తూనే ఉంది. దాని రాత్రి తరగతుల్లోంచే అక్కడి ప్రభుత్వ సాంకేతిక విద్య మొత్తం పుట్టుకొచ్చింది.

నాకు ఈ కథలో బాగా నచ్చేది ప్రశ్న ఎవరి దగ్గర మొదలైందన్నది. బర్క్‌బెక్ మంచివాడే, కాదనను. కానీ పరికరం చేస్తున్న మనిషి నోరు తెరిచి అడిగాడు. బొంబాయిలోనూ అంతే. ముందు అడిగినవాళ్లు పనివాళ్లు, తర్వాత ఇచ్చినవాళ్లు ధనవంతులు. చరిత్ర పుస్తకంలో మాత్రం ఈ వరస తారుమారవుతుంది.

ఇక భవనం సంగతి. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయింది, బొంబాయి పత్తికి బంగారం ధర పలికింది. ఊళ్లో డబ్బు ఏరులై పారింది. అదే కాలంలో గవర్నర్ బార్టల్ ఫ్రెర్ పాత కోటగోడలు కూలగొట్టించాడు. ఆ గోడ ఉన్న వరసలోనే ఇప్పుడు ఈ లైబ్రరీ ఉన్న వీధి వచ్చింది. మెకానిక్కుల సంస్థకు సొంత గూడు కోసం డేవిడ్ ససూన్ 60,000 రూపాయలు ఇచ్చాడు. మొత్తం ఖర్చు 1,25,000 అయింది, మిగతాది ప్రభుత్వం భరించింది. మలాడ్ గనుల నుంచి తెచ్చిన పసుపు రాయితో 1870లో కట్టడం పూర్తయింది. అప్పటికి ససూన్ లేడు, 1864లోనే పుణేలో పోయాడు. ఆయన నిలువెత్తు పాలరాతి విగ్రహం తలపాగాతో, బాగ్దాద్ అంగరఖాతో లోపలికి అడుగుపెట్టగానే కనిపిస్తుంది. సంస్థ పేరు ససూన్ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అయింది. తర్వాతెప్పుడో మెకానిక్స్ అన్న మాట కూడా రాలిపోయి ఇప్పుడున్న పేరు మిగిలింది.

ససూన్ గురించి ఒక మాట చెప్పకుండా దాటేయలేను. బాగ్దాద్‌లో పాలకుల వేధింపులు భరించలేక పారిపోయి వచ్చినవాడు, కష్టం తెలిసినవాడు. ఆస్పత్రులకు, బడులకు, ప్రార్థనా మందిరాలకు చేతికి ఎముక లేకుండా ఇచ్చాడు. కానీ ఆ సంపదలో పెద్ద వాటా చైనాకు పంపిన నల్లమందుది. రెండూ నిజమే. లైబ్రరీ మెట్లెక్కుతూ ఆయన విగ్రహానికి నమస్కారం పెట్టేవాళ్లని చూశాను. నేనూ గౌరవిస్తాను. అయితే ఆ 60,000 ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి గౌరవించాలని నా అభిప్రాయం.

రాళ్లు మోసినవాళ్ల మాట కూడా అనుకోవాలి, ఎందుకంటే అక్కడ మన ఊసు ఉంది. 18వ శతాబ్దం చివరి నుంచే నిజాం ఇలాకా నుంచి తెలుగు కూలీలు, తాపీ పనివాళ్లు బొంబాయి వచ్చి స్థిరపడ్డారు. వాళ్లను ఇక్కడివాళ్లు కామాఠీలు అన్నారు. కామాఠీపురా అన్న పేరు వాళ్లదే. ఆ పేరు ఇవాళ వేరే కారణంగా అపఖ్యాతి పాలైంది గానీ అది మన తాపీ మేస్త్రీల పేట. బొంబాయి రాతి భవనాలు లేచిన కాలమంతా గోడల మీద కామాఠీల చెమట ఉంది. వాళ్లలోంచి పైకొచ్చిన కాంట్రాక్టర్లూ ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగు, వ్యంకు బాళు కాళేవార్. జోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లు వీళ్లే. చదువు లేకపోతే శూద్రుడికి ఏమేం పోతుందో చెప్పిన మనిషి వెనక తెలుగు మేస్త్రీలు నిలబడ్డారంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కానీ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ తలుపులు ఆ కూలీలకు తెరుచుకున్నాయని చెప్పలేం. అక్కడ పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. ఇంగ్లీషు చదవగలిగినవాడే లోపలివాడు. ఇంగ్లండ్‌లోనూ ఈ సంస్థల మీద అప్పుడే విమర్శ వచ్చింది: పనివాళ్ల పేరుతో పెట్టినవి గుమాస్తాల క్లబ్బులైపోయాయని, రాజకీయం మాట్లాడనివ్వరని. బొంబాయిలో దానికి తోడు భాష గోడ కూడా ఉంది. మన వైపు ఈ గోడను బద్దలుకొట్టే పని తర్వాత జరిగింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వచ్చింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, ఆయన మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి సైన్సును, చరిత్రను తెలుగులో అచ్చువేశారు. పెద్దవాళ్ల చదువు వాళ్ల సొంత భాషలో జరగాలని పట్టుబట్టినవాళ్లు ఆ తరంలో ఉన్నారు. బొంబాయి మెకానిక్కుల దగ్గర లేనిది అదే.

మెకానిక్కులు ఈ భవనానికి ఎప్పుడు దూరమయ్యారంటే ఒక తేదీ చెప్పలేం. కారణాలు మాత్రం కనిపిస్తాయి. 1887లో బైకుల్లాలో విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది, ఇప్పుడు మాటుంగాలో ఉన్న వీజేటీఐ అదే. యంత్రాల చదువుకు అసలైన కాలేజీ వచ్చాక నమూనాల మ్యూజియంతో ఎవరికి పని? మరోపక్క ఈ చుట్టుపక్కలంతా హైకోర్టు, కాలేజీలు, ఆఫీసులు వచ్చాయి. వకీళ్లు, విద్యార్థులు, ఆఫీసులనుంచి వచ్చేవాళ్లు సభ్యులయ్యారు. నవలలూ పత్రికలూ పెరిగాయి. అదేం తప్పు కాదు, లైబ్రరీ బతికింది అలాగే.

నేను అక్కడికి చేరింది పుస్తకం కోసం కాదు, చోటు కోసం. మా బాపు కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి వర్లీ వైపు ఒక బట్టల మిల్లులో సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసేవాడు. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన మిల్లు సమ్మె మొదలయ్యాక ఆ పని మళ్లీ తిరిగి రాలేదు. బాపు భివండీ పవర్‌లూమ్‌ల బాట పట్టాడు, పద్మశాలీ కుటుంబాలు చాలా అటే వెళ్లాయి. నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేరాను. చాల్‌లో, అంటే వరస గదుల కార్మికుల ఇళ్లలో, పది బై పన్నెండు గదిలో మేం ఏడుగురం. ట్రేడ్ టెస్ట్ దగ్గరపడుతుంటే చదువుకోవడానికి మూల కూడా లేదు. అప్రెంటిస్‌గా చేరిన చోట ఒక ఫోర్‌మన్ ఉండేవాడు, మంగళూరు వైపు మనిషి. ఆయన ఈ లైబ్రరీ సభ్యుడు. నా టెన్షన్ చూసి ఓ శనివారం షిఫ్ట్ అయ్యాక వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు.

నన్ను ఆ రోజుల్లో చంపుతున్నది ఇండెక్సింగ్ లెక్క. మిల్లింగ్ మెషిన్ మీద గేరు పళ్లు కొయ్యాలంటే, కోసే ముక్కను (జాబ్ అంటాం) సమాన దూరాల్లో తిప్పి నిలిపే డివైడింగ్ హెడ్ తిప్పాలి. హ్యాండిల్ నలభై చుట్లు తిప్పితే జాబ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇరవై పళ్లంటే పన్ను పన్నుకీ రెండు చుట్లు, అది సులువు. ఇరవై ఏడు పళ్లు కావాలంటే? షాపులో పాతవాళ్లు నోటిలెక్కగా చెప్పేసేవాళ్లు: హ్యాండిల్ వెనక పళ్లెంలో ఇరవై ఏడు రంధ్రాల వరస పట్టుకో, ఒక చుట్టు తిప్పి పదమూడు రంధ్రాలు జరుపు. ఎందుకంటే మాత్రం తెలియదు, అంతేరా అనేవాళ్లు. ఆ బాల్కనీ కుర్చీలో ఫోర్‌మన్ నా నోట్‌బుక్ తీసుకుని నలభైని ఇరవై ఏడుతో భాగించి చూపించాడు. ఒకటి, మిగిలింది పదమూడు. ఒక చుట్టు, పదమూడు రంధ్రాలు. అంతే. కింద కాలాఘోడా ట్రాఫిక్ హారన్లు మోగుతున్నాయి. నేను ఆ ఒక్క లెక్కతో ముప్పై ఏడుకి, నలభై ఒకటికి, ఏ సంఖ్య ఇచ్చినా అదే దారిలో కాగితం మీద వేసుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి బాపుకి చెబితే, "ఆడ లేత్ పనోళ్లను రానిస్తరా?" అని అడిగాడు. రానిస్తారని చెప్పాను. ఆ చోటు పెట్టిందే లేత్ పనోళ్లని ఆయనకు చెప్పేంత సమాచారం నాకు అప్పుడు లేదు. ఆ సంగతి తెలిసేనాటికి ఆయన లేడు.

2023లో ఈ భవనాన్ని బాగుచేసి మళ్లీ తెరిచారు, ఆర్కిటెక్ట్ ఆభా నారాయణ్ లాంబా ఆధ్వర్యంలో. మధ్యకాలంలో వేసిన కాంక్రీటు శ్లాబ్ తీసేసి, రీడింగ్ హాల్‌కి పాత తరహా వాలు కప్పు తిరిగి తెచ్చారు. ఇప్పుడు లోపల నిలబడి తల పైకెత్తితే చెక్క దూలాల బిగింపు మొత్తం కనిపిస్తుంది. పనివాడి కన్నుతో చూడండి ఒకసారి. బరువు ఏ కట్టె మీంచి ఏ కట్టెకు దిగి గోడలోకి వెళ్తోందో వేలుపెట్టి చూపించొచ్చు. 1847 కుర్రాళ్లు పెట్టుకోవాలనుకున్న నమూనాల మ్యూజియంలో ఇలాంటివే ఉండాలనుకున్నారు. వెళ్తే వెనక తోట కూడా చూడండి, ఆ రద్దీలో అంత చల్లటి చోటు ఉందంటే నమ్మబుద్ధి కాదు.

నాకు ఒకటే కోరిక. ససూన్ విగ్రహం ఎక్కడా కదలక్కర్లేదు. దాని పక్కన చిన్న ఫలకం పెట్టి, ఈ సంస్థను 1847లో టంకశాల, డాక్‌యార్డ్ మెకానిక్కులు మొదలుపెట్టారని ఇంగ్లీషు, మరాఠీతో పాటు తెలుగులో కూడా రాయాలి. తెలుగు ఎందుకని ఎవరైనా అడిగితే కామాఠీపురా చూపిస్తాను. ఇంకో మనవి. మీ తాతముత్తాతలు బొంబాయి టంకశాలలోనో, డాక్‌యార్డ్‌లోనో, రాతి పనిలోనో ఉండి ఉంటే, ఇంట్లో ఏ జీతం చీటీయో, గేట్ పాసో, పాత ఫొటోయో మిగిలి ఉంటే ఫొటో తీసి నాకు పంపండి. భివండీ పద్మానగర్ వాళ్లు, వర్లీ చాల్‌ల వాళ్లు ముఖ్యంగా. వివరాలు పోగైనంత వరకు ఇక్కడే రాస్తూ పోతాను.